ప్రోగ్రాం పుట్టిన వేళ

ఆ హెచ్చరిక నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కంప్యూటర్ గడియారంలో తేడా ఉంది, మీరు కడుతున్న ప్రోగ్రాం అసంపూర్తిగా ఉండవచ్చు, అని దాని అర్థం. నల్ల తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, పైనా కిందా ఇంకో ఇరవై వరుసల మధ్య ఒకే ఒక్క వరుస. ఎర్ర రంగు లేదు, గంట మోత లేదు. మర్యాదగా వచ్చి మర్యాదగా పైకి జరిగిపోయేది. అంత మర్యాదగా చెప్పే మాటను ఎవరు పట్టించుకుంటారు?

అప్పుడు నేను కర్నూలులో పని చేస్తుండేదాన్ని. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్నాయి గానీ, కర్నూలు దాటితే సగం దారి సిగ్నలుండేది కాదు. మా యజమానిది తరాల నుంచి ఇనుము, మోటార్లు అమ్మే శెట్ల కుటుంబం. కింద దుకాణం, పైన మా ఆఫీసు. ఆఫీసంటే రెండు కంప్యూటర్లు, ఒక యూపీఎస్, ఆగకుండా కిర్రుమనే ఒక ఫ్యాను. ప్రోగ్రాములు రాసేది నేనూ, నాకన్నా ముందు నుంచీ అక్కడున్న ఇంకొకాయనా. ఆయన్ని నేను అన్నా అని పిలిచేదాన్ని. చుట్టరికమేమీ లేదు. ఆయనకు కోపం రాదు, నాకు కోపం తప్ప ఇంకేదీ రాదు. అందుకే మా ఇద్దరికీ సరిపోయింది.

ఎర్రగుంట్ల దగ్గర ఒక చిన్న సిమెంటు ఫ్యాక్టరీలో రాయి మోసే బెల్టులను మా ప్రోగ్రామే నడిపేది. కంట్రోలు రూములో ఒక కంప్యూటరు, దానిలో మా ప్రోగ్రాం. ఏ బెల్టు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆగాలో అది చెప్పేది. బెల్టు పొడవునా ఒక తాడు కట్టి ఉంటుంది. ఎవరికైనా ఆపద వస్తే ఆ తాడు లాగాలి, బెల్టు ఆగాలి. నిజానికి ఆ తాడు నేరుగా మోటారుకు పోయే కరెంటును తెంపెయ్యాలి. ఆ ఫ్యాక్టరీ వాళ్లు తీగ ఖర్చు కలిసొస్తుందని దాన్ని కూడా మా ప్రోగ్రాం గుండానే తిప్పించారు. వద్దని అన్న చెప్పాడు, నేనూ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఇక ముద్ర సంగతి చెప్పాలి. ఒకసారి అన్న ఎర్రగుంట్లకు పోయి, కొత్త ప్రోగ్రాం ఉన్న కంప్యూటరులో పొరపాటున పాతది ఎక్కించి వచ్చాడు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి మరి. ఏది ఎప్పటిదో పైనుంచి చూసి చెప్పే దారి లేదు. వాళ్లు ఫోను చేసి తిడితే గానీ తెలియలేదు. ఆ తిట్లు తిన్నది నేను. అందుకని నేనే కూర్చుని మా మేక్‌ఫైలును మార్చాను.

మేక్‌ఫైలంటే, ప్రోగ్రామును ఏ ముక్కల నుంచి, ఏ వరుసలో కట్టాలో రాసిపెట్టిన వంటపద్ధతి లాంటిది. దాన్ని చదివి పని చేసేది మేక్. ఈ మేక్ మహా పొదుపరి. వండిన కూర కన్నా తరిగిన కూరగాయ కొత్తదైతేనే, అంటే కట్టిన ముక్క కన్నా మేము రాసిన ఫైలు కొత్తదైతేనే, మళ్లీ పొయ్యి వెలిగిస్తుంది. లేకపోతే ఉన్న కూరే వడ్డిస్తుంది. ఏది కొత్తది, ఏది పాతది అనేదానికి అది చూసేది ఒక్కటే, ఫైలు మీద పడిన వేళ. ఆ వేళ ఇచ్చేది కంప్యూటర్ గడియారం. నేను చేసిందల్లా ఒక చిన్న ముక్కను మాత్రం ఎప్పుడూ కొత్తగా వండమని దానికి చెప్పడం. ఆ ముక్కలో ఆనాటి తేదీ, గంటా నిమిషం, కట్టినవారి పేరు, కట్టిన కంప్యూటరు గుర్తు ఉంటాయి. ప్రోగ్రాం తెరవగానే అవి మొదటి తెర మీద కనిపిస్తాయి. ఆ ముద్ర చూడకుండా ఏ ప్రోగ్రామునూ ఎక్కించొద్దని ఫ్యాక్టరీ వాళ్లకు గట్టిగా చెప్పాను. ఒక్కొక్కరి చేత చదివించి మరీ చెప్పాను. చాలా గర్వపడ్డాను కూడా. దాచుకోవడమెందుకు?

ముద్ర వేసిన మొదటి ప్రోగ్రామును యజమానికి చూపించాం. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. మొహంలో రంగు మారింది.

"శుక్రవారం, పదకొండుంబావు" అన్నాడు. "పాపా, ఇది రాహుకాలం కదమ్మా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"దుకాణంలో ఒక మేకు కూడా రాహుకాలంలో అమ్మినోళ్లం కాదు మేము. మా నాయన కాలం నుంచీ అంతే. నువ్వు ఇన్నాళ్లూ వేళ రాయలేదు, నాకు తెలీలేదు, నడిచిపాయె. ఇప్పుడు రాసినావు. రాసినాక, అది జాతకమైపోతుందమ్మా."

"ఇది ప్రోగ్రాం సార్, పిల్లోడు కాదు."

"దాని కింద మనుషులు పని చేస్తాండారు కదా?" అన్నాడాయన.

అది ఆయనకు ఉత్త పట్టుదల కాదు, భయం. ఆయన తన లాభం కోసం అడగలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

అప్పటినుంచీ ఒక ఆచారం మొదలైంది. ఫ్యాక్టరీకి పోవలసిన ప్రోగ్రాం ఏదైనా సరే మంచి వేళలోనే కట్టాలి. మంచి వేళ దాకా ఆగే తీరిక లేకపోతే, కంప్యూటర్ గడియారాన్నే మంచి వేళకు తిప్పి కట్టాలి. ఈ ఉపాయం చెప్పింది అన్నే. నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. మేక్ బతికేదే ఆ వేళల మీద, వాటిని ముట్టుకుంటే దానికి ఏది ముందో ఏది వెనకో తెలియదు, అని అరిచాను.

"పోనీలే చెల్లెమ్మా" అన్నాడు అన్న. "ఆయన మనసు సల్లగుంటే మన పనీ సల్లగుంటాది. గమ్మునుండు."

"అయితే ఒక్క మాట. గడియారం ముట్టుకున్నప్పుడల్లా పాత ముక్కలన్నీ తుడిచేసి మొదటి నుంచీ కట్టాలి. తుడవకుండా కట్టొద్దు."

"సరేలే. తుడిచే కడతాం."

అలాగే చేస్తూ వచ్చాం. గడియారాన్ని వెనక్కి తిప్పినప్పుడల్లా ఆ హెచ్చరిక వచ్చేది. రేపటి తేదీ ఉన్న కాగితం ఈరోజే చేతికొస్తే మనం ఎట్లా తికమకపడతామో, మేక్ కూడా అట్లాగే తికమకపడి, అసంపూర్తిగా ఉండవచ్చు, అసంపూర్తిగా ఉండవచ్చు అని గొణిగేది. తుడిచి కట్టాం గనక ఏమీ అయ్యేది కాదు. నాన్నా పులి కథ మనందరికీ తెలిసిందే. పులి రాని రోజులే ఆ కథలో ఎక్కువ. మెల్లగా అన్న ఆ వరుసను చదవడం మానేశాడు. నేను మాత్రం అది కనిపించినప్పుడల్లా చదివేదాన్ని.

ఆ ఎండాకాలంలో ఫ్యాక్టరీ నుంచి ఒక కబురు వచ్చింది. ఎవరో తాడు లాగి బెల్టు ఆపారు. కింద పడ్డ రాళ్లు ఎత్తేశారు. తాడును మళ్లీ యథాస్థానంలో పెట్టగానే బెల్టు తనంతట తానే లేచింది. ఎవరూ మీట నొక్కలేదు, బెల్టు లేచేముందు రావలసిన కూత కూడా రాలేదు. ఒకామె పైట చెంగు అందులో చిక్కుకుంది. చీర చిరిగి ఆమె బయటపడింది. ఆ మరునాటి నుంచి కూలివాళ్లెవరూ ఆ బెల్టు కిందికి పోవడం లేదు. దానికి గాలి సోకిందన్నారు. దాన్ని మోసే ఇనుప కాలికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు.

గాలీ లేదు, ధూళీ లేదు. లోపం మా ప్రోగ్రాములోదే. తాడు లాగితే ఆపమని రాశాం గానీ, తాడు తిరిగి పెట్టాక ఏం చేయాలో రాయలేదు. చెప్పలేదు గనక అది అంతకుముందు చేస్తున్న పనిలోకే పోయింది. దిద్దడం పెద్ద పనేం కాదు. తాడు తిరిగి పెట్టినా సరే, కంట్రోలు రూములో ఎవరో ఒకరు మీట నొక్కితే తప్ప బెల్టు లేవకూడదు. ఆ మాట తెర మీద కూడా రావాలి. ఎట్లా రాయాలో అన్న అంతా ఆలోచించి పెట్టుకున్నాడు. ఆ బుధవారం టైపు చేసి, మరునాడు తీసుకుపోవాలని అనుకున్నాం.

బుధవారం పొద్దున నేను వేరే పని మీద ప్రోగ్రాం మొత్తం ఒకసారి కట్టాను. అప్పటికి పదకొండున్నర అయివుంటుంది. తాడు సంగతి అన్న ఇంకా మొదలుపెట్టలేదు. పన్నెండు కొట్టగానే నేను అన్నానికి ఇంటికి పోయాను. మా ఇల్లు పాతబస్తీలో, బురుజుకు అవతల. ఆ ఎండకు నడిచి పోయి, తిని, కాసేపు నడుం వాల్చి వచ్చేసరికి రెండు దాటింది. దుకాణంలో కరెంటు లేదు. యజమాని గల్లా దగ్గర విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాడు.

"మీ అన్న ఎర్రగుంట్లకు పోయినాడు పాపా" అన్నాడు. "ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చె. కూలోళ్లంతా కూచునేసినారంట. ఈపొద్దే ఎవరన్నా రాకపోతే ఒప్పందం రద్దంట. ఒకటిన్నర బస్సుకు పంపించినా."

"మరి ప్రోగ్రాం?"

"రాసి, కట్టి, తీసుకునే పాయె. బుధవారం కదా, పన్నెండు నుంచి రాహుకాలం. నేనే పక్కన నిలబడి గడియారం తిప్పించినా. ముద్ర పది ఇరవైకి పడినాది. బలే గడియ."

"ముందు గడియారం తిప్పి తరువాత రాశాడా, రాసి తరువాత తిప్పాడా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "అదేం ప్రశ్నమ్మా? ముందు మంచి గడియ పెట్టుకునే కదా ఎవురైనా పనిలో దిగేది?"

"పాత ముక్కలు తుడిచాడా?"

"అవన్నీ నాకేం తెలుసు? కరెంటు పాయె, ఆ పెట్టె కీచుకీచుమని అరుస్తాంటే, ఆరిపోయే లోపల కావల్లని బిర్నా చేసినాడు."

యూపీఎస్ అరుస్తుంటే అన్న తుడిచి కట్టి ఉండడని నాకు అప్పుడే తెలుసు. మా పాత కంప్యూటరు మీద మొదటి నుంచీ కట్టాలంటే ఒక కునుకు తీసేంత సేపు పట్టేది. తుడవకుండా అయితే రెప్పపాటు. అయినా తెలియడం వేరు, నమ్మడం వేరు. తుడిచే ఉంటాడు, చిన్నపిల్లాడా ఏమి, అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. సెల్లుకు చేస్తే అందుబాటులో లేరని వచ్చింది. కర్నూలు దాటితే ఇంక అంతే. ఫ్యాక్టరీ గేటుకు ఫోను చేసి, మా అన్న రాగానే, ఏ పనీ మొదలుపెట్టకముందే నాకు ఫోను చేయమనండి అని చెప్పాను. గేటు మనిషి సరేనమ్మా అన్నాడు. ఆ తరువాత వాళ్లకు షిఫ్టు మారిందని, నా మాట కొత్తగా వచ్చిన మనిషికి చేరలేదని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ మధ్యాహ్నం కరెంటు రాలేదు. నేను ఆరిపోయిన తెర ముందే కూర్చున్నాను. కిటికీ రెక్కలు కాలిపోతున్నాయి. కింద ఇనుప చువ్వలు బండి మీద నుంచి దించుతుంటే, పడ్డ ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను. అన్న ఈపాటికి ఆళ్లగడ్డ దాటి ఉంటాడు, ఈపాటికి ప్రొద్దుటూరు చేరి ఉంటాడు అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. గేటుకు మళ్లీ ఫోను చేశాను, కంట్రోలు రూముకూ చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఒకసారి లేచి యజమాని దగ్గరికి పోయి, నాకు భయంగా ఉంది సార్ అన్నాను. ఎందుకు భయం, గడియ మంచిదే కదా అని ఆయన మజ్జిగ తెప్పించాడు. తాగలేకపోయాను.

పొద్దు వాలుతుండగా ఫ్యాను ఒక్కసారి కిర్రుమంది. కరెంటు వచ్చింది. కంప్యూటరు లేచేదాకా కూర్చోలేక నిలబడే ఉన్నాను. లేచింది. ఫైళ్ల వరుస, వాటి పక్కన వేళలు చూశాను. తాడు సంగతి రాసిన ఫైలు మీద పది గంటల పద్దెనిమిది నిమిషాలు అని ఉంది. దాని నుంచి వండిన ముక్క మీద పదకొండున్నర. అంటే అది నేను పొద్దున కట్టిన ముక్కే. మేక్ రెండింటినీ చూసింది. కూరగాయ కన్నా కూరే కొత్తదనుకుంది. ఇంక పొయ్యి వెలిగించాల్సిన పనేముంది? ఎప్పుడూ కొత్తగా వండమని నేను చెప్పిన ముద్రను మాత్రం వండింది. అన్నిటినీ కలిపి కుట్టి, పైన ముద్ర వేసి ఇచ్చింది.

అయినా ఆశ చావలేదు. బెల్టు లేవాలంటే మీట నొక్కండి అని తెర మీద చూపించే ఆ కొత్త వాక్యం, అన్న తీసుకుపోయిన ప్రోగ్రాములో ఉందా అని వెతికాను. దాని నకలు మా దగ్గర ఉండిపోయింది. లేదు. మొత్తం గాలించినా లేదు. పైన ఈరోజు తేదీ, మంచి గడియ, అన్న పేరు. లోపల పైట చెంగును లాగిన ఆ పాత బెల్టే.

కంట్రోలు రూముకు ఫోను చేశాను. ఈసారి ఎత్తారు. అక్కడి ఆపరేటరు గొంతు నాకు తెలుసు, ముద్ర చదవడం నేర్పినవాళ్లలో ఒకడు.

"మా అన్న వచ్చాడా?"

"వచ్చినాడమ్మా. కొత్తది ఎక్కించినాం. కిందికి పోయినాడు, బెల్టు కాడికి."

"బెల్టు ఆపెయ్యప్పా! మెయిన్ తీసెయ్! అది కొత్తది కాదు. లోపల పాతదే ఉంది!"

"కాదమ్మా, కొత్తదే. నేనే చూసినా. ఈపొద్దు తేదీ ఉండాది. పది గంటల ఇరవై నిమిషాలు అని ఉండాది. మీ అన్న పేరు కూడా ఉండాది."

"ఆ ముద్రను నమ్మొద్దు!"

"మీదే కదమ్మా ముద్ర?" అన్నాడు. అతని గొంతులో వెటకారం లేదు, నిజంగానే అర్థం కాలేదు. "అది చూసే నమ్మల్లని మీరే కదా చెప్పింది?"

నేను ఏమి చెప్పాలి? గడియారం తిప్పామని, మేక్ మోసపోయిందని, ముక్క పాతదని ఎక్కడ మొదలుపెట్టాలి? తీసెయ్యప్పా, నీ కాళ్లు మొక్కుతా, తీసెయ్ అన్నాను. షిఫ్టు ఇంచార్జిని అడగల్లమ్మా, మొత్తం లైను ఆగిపోతాది, ఒక్క నిమిషం ఉండండి అన్నాడు. ఆ ఒక్క నిమిషంలో ఫోనులో వెనక ఏదో గోల వినిపించింది.

"ఉండమ్మా, యాడనో అరుస్తాండారు" అన్నాడు.

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. పరిగెత్తే అడుగులు. లైను తెగలేదు. యంత్రాల హోరు, దాని వెనక మనుషుల కేకలు. అన్నా, అన్నా అని నేను ఇక్కడినుంచి పిలుస్తూనే ఉన్నాను. యజమాని మెట్లెక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఏమైంది పాపా అంటున్నాడు. నేను ఆయన వైపు చూడలేదు. హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరో మెయిన్ తీశారు. అంతా నిశ్శబ్దమయ్యాక ఒక్క గొంతే మిగిలింది. అది అన్నదని గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది.

జరిగింది తరువాత తెలిసింది. కూలివాళ్లు బెల్టు దగ్గరికి రామన్నారు. దానికి గాలి సోకింది, నువ్వు కంప్యూటరుకేం చేసినా సరే మేము చెయ్యి పెట్టం అన్నారు. అన్న నవ్వాడట. "ఇంక అది లేయదప్పా. తెరమీద చూసే వచ్చినా. మీకు నమ్మకం లేకపోతే నేనే పెడతా" అన్నాడట. తాడు తానే లాగాడు, బెల్టు ఆగింది. బెల్టు వెనక కొసన తిరిగే తోక డ్రమ్ము దగ్గర ఇరుక్కున్న రాయి మీద చెయ్యి వేశాడు. అవతల నిలబడ్డ మనిషితో, "ఇప్పుడు తాడు పెట్టెయ్, చూడు" అన్నాడు. వాళ్లకు ధైర్యం చెప్పడానికి.

కుడి చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చారు. మొదటి కొన్ని రోజులు ప్రాణానికే భరోసా లేదు. ఆ వారమే నేను మేక్‌ఫైలును మళ్లీ మార్చాను. గడియారం వెనక్కి పోయిందని తెలిసిన క్షణం కట్టడమే ఆపెయ్యమని రాశాను. రాస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆసుపత్రి వరండాలో యజమాని రోజూ కూర్చునేవాడు. దుకాణం కూడా మూసేశాడు. ఆయన మనిషి చెడ్డవాడని నేను ఈనాటికీ అనలేను. డాక్టరు ప్రాణానికి ఇంక భయం లేదని చెప్పిన రోజు ఆయన కళ్లు తుడుచుకుని నాతో అన్నాడు:

"గడియ మంచిది కాబట్ల మనిషి నిలబడినాడు పాపా. అదే పన్నెండున్నరకు పుట్టింటే ఈపొద్దు మనకు మనిషే లేడు."

అంతే, నాకు ఒళ్లు తెలియలేదు. "అది పన్నెండున్నరకే పుట్టింది సార్!" అని అరిచాను. వరండాలో అందరూ తిరిగి చూశారు. "మీరు గడియారం తిప్పించారు. అందుకే పాత ముక్క లోపల ఉండిపోయింది. అందుకే ఆయన చెయ్యి పోయింది!"

ఆయన శ్రద్ధగా విన్నాడు. కోపగించుకోలేదు. మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"తెర మీద అట్ల లేదు కదమ్మా" అన్నాడు.

నాకు ఆయన మెడ పట్టుకోవాలనిపించింది. నా మెడ కూడా. తెర మీద ఏముందో దాన్నే నమ్మమని ఊరందరికీ చెప్పింది నేనే కదా.

ఇంకెవరికి చెప్పినా చెప్పకపోయినా అన్నకు మాత్రం చెప్పాలనుకున్నాను. ఎందుకు జరిగిందో తెలియకుండా ఒక మనిషి మిగిలిన బతుకంతా ఎట్లా బతుకుతాడు? జ్వరం తగ్గి ఆయన దిండుకు ఆనుకుని కూర్చోగలిగిన రోజు పోయాను. ఆయన భార్య కాఫీకి కిందికి పోయింది. నేను మంచం పక్కన నిలబడి, ఆ రోజు మీరు తుడవలేదన్నా, అని మొదలుపెట్టాను.

"తెలుసు చెల్లెమ్మా" అన్నాడు.

నేను తలుపు వైపు ఒకసారి చూసి, ఆయనకు ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"ఆ మాట వచ్చింది. అసంపూర్తి అని. సదివినా కూడా. శానా రోజుల తర్వాత ఆపొద్దే సదివినా, ఎందుకో. తుడుద్దామనుకుంటి. ఆ పెట్టె అరుస్తాండాది, బస్సు పోతాదని ఆయన కింద నుంచి కేకలేస్తాండాడు. ముద్ర సూస్తి. సరిగ్గా పడింది. సాల్లే అనుకుంటి." కుడి భుజం వైపు చూసుకుని, చూపు తిప్పుకున్నాడు. "బెల్టు లేచిన దానికి ఒక్క రెప్పపాటు ముందర మల్ల గుర్తొచ్చినాది. అప్పటికే తాడు పెట్టెయ్ అనేసినా."

నేను మంచం కమ్మి పట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్లూ యజమాని మీద పెంచుకున్న కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియలేదు.

"ఇంట్లోదానికి చెప్పొద్దు" అన్నాడు అన్న. "పెద్దాయన చెప్పిందే అది నమ్మినాది. మంచి గడియ కాపాడినాది అనుకుంటాంది. ఆ నమ్మకంతోనే నాకు అన్నం తినిపిస్తాంది. అది లేకపోతే, నా మొగుడు తన చెయ్యి తానే పెట్టినాడు అనేది ఒకటే మిగుల్తాది దానికి. రేపు ఎవురన్నా వచ్చి నిన్నడిగినా చెప్పొద్దు."

అబద్ధం చెప్పడం నాకు చేతకాదన్నాను. చెప్పొద్దంటాండా, అబద్ధం చెప్పమనలేదు అన్నాడు. అప్పుడే ఆమె లోపలికి వచ్చింది. చేతిలో కాఫీ లోటా, మొహంలో చాలా రోజుల తరువాత కాస్త వెలుగు. నన్ను చూసి ఆగింది.

"మంచి వేళకు వచ్చినావమ్మా, నిన్నే అడగల్లనుకుంటాండా. ఈయన లేచి తిరిగినాక శ్రీశైలం తీసకపోతానని మొక్కుకున్న్యా. ఆ ప్రోగ్రాం పుట్టిన గడియలోనే మల్లన్నకు అభిషేకం చేయించల్లంట, శెట్టిగారు చెప్పినాడు. సరిగ్గా ఎన్ని గంటలమ్మా అది? ఆయనకు నిమిషాలు గుర్తు లేవంట. ముద్ర ఏసింది నువ్వే కదా, నీకైతే తెలిసింటాది."

అన్న కిటికీ వైపు చూస్తున్నాడు.

"పది గంటల ఇరవై నిమిషాలక్కా" అన్నాను.

మరిచిపోకుండా ఉండడానికి ఆమె పెదవులు కదుపుతూ ఆ వేళను లోపల్లోపలే అనుకుంది. తరువాత లోటాలో కాఫీ చల్లార్చి, ఆయన నోటికి అందించింది.